ఒత్తు తప్పితే దిద్దాలా, ఊరుకోవాలా? అభిరుచి బృందాల్లో అక్షరదోషాల సంగతి

మిద్దెతోటలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉందనుకుందాం. పొద్దున్నే ఒక సందేశం వచ్చింది. “నమస్కరం, నా మిరప మొక్కకి అకులు ముడత పడుతునాయి, ఎమి చెయాలో దయచేసి చేప్పండి.” కింద మసకగా ఒక ఫోటో. పది నిమిషాల్లో మొదటి జవాబు: “నమస్కారం, ఆకులు, పడుతున్నాయి, ఏమి, చెయ్యాలో, చెప్పండి. ముందు తెలుగు నేర్చుకుని తర్వాత మొక్కలు పెంచండి.” దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. మరో అరగంటకు రెండో జవాబు: “ఆకులు పైకి ముడుచుకుంటున్నాయా అమ్మా, కిందికా?”

రెండో జవాబు రాసిన మనిషికి మిరప సంగతి తెలుసు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే అది పై ముడత, తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి తిరగేసిన పడవలా ఉంటే కింది ముడత, తెల్లనల్లి పని. రెండింటికీ చల్లే మందులు వేరు. మొదటి జవాబులోని ఆరు దిద్దుబాట్లూ సరైనవే. కానీ ఆ ఆరింటిలో ఒక్కటి కూడా ఆ మొక్కకు అక్కరకు రాదు. అడిగిన మనిషి మళ్లీ నోరు విప్పడం కూడా కష్టమే.

ఈ సంభాషణ ఉదాహరణ కోసం నేను రాసినదే. వంటల గ్రూపులోనో, పాత నాణేల గ్రూపులోనో, పద్యాల గ్రూపులోనో నాలుగు రోజులు ఉన్నవాళ్లకు మాత్రం ఇది కొత్తగా అనిపించదు. పైకి ఇది మర్యాదకు సంబంధించిన చిన్న విషయంలా కనిపిస్తుంది. తరచి చూస్తే ఇందులో తెలుగు లిపి చరిత్ర ఉంది, ఫోను కీబోర్డు ఉంది, బడి దక్కినవాళ్లకూ దక్కనివాళ్లకూ మధ్య ఉన్న దూరం ఉంది. దిద్దాలనేవాళ్ల వైపు కూడా కొట్టిపారేయలేని వాదన ఉంది.

‘తప్పు’ అనే ఒక్క మాట కింద ఎన్ని ఉన్నాయి?

ఒక మాటలో ఏ అక్షరం తర్వాత ఏ అక్షరం రావాలి, దేనికి దీర్ఘం ఉండాలి, దేనికి ఒత్తు ఉండాలి అన్న ఒప్పందాన్ని వర్ణక్రమం అంటాం. అది తప్పితే అక్షరదోషం. నిర్వచనం ఇంత తేలికే అయినా, అందరం ఒకే గాటన కట్టేసే ఈ దోషాలు నిజానికి వేర్వేరు జాతులు.

పై సందేశంలో ‘పడుతునాయి’ చూడండి. రాసిన మనిషికి అక్కడ నకారం ఒత్తి పలుకుతుందని తెలియక కాదు. వేలు రెండుసార్లు నొక్కాల్సిన మీటను ఒక్కసారే నొక్కింది, అంతే. ఇది వేలి తప్పు. ‘దన్యవాదాలు’, ‘హ్రుదయం’ వంటివి వేరు. ఇక్కడ రాసినవాళ్లు తమకు వినిపించినట్టే రాశారు, పుస్తకంలో ఆ మాట ఎలా ఉంటుందో వారి కంటికి అలవాటు లేదు. ‘గృహప్రవేశం’ బదులు ‘గ్రహప్రవేశం’ అని శుభలేఖల మీద కూడా కనిపించేది ఇందుకే.

మూడో జాతి నాకు అన్నిటికన్నా ఆలోచింపజేసేది. ‘భాధ’, ‘విధ్యార్థి’, ‘ఉచ్ఛారణ’, ‘సాంప్రదాయం’. ఇవి అజాగ్రత్త వల్ల వచ్చినవి కావు, జాగ్రత్త ఎక్కువై వచ్చినవి. ‘బాధ’లో ఎక్కడో ఒత్తు ఉందని గుర్తుంది, ఎక్కడుందో గుర్తులేదు, లోటు ఉండకూడదని రెండుచోట్లా పెట్టారు. ‘విద్య’లో అసలు ఒత్తు ధకారమే లేదు, కానీ చదువుకు సంబంధించిన మాట కాబట్టి అది గంభీరంగా ఉండాలనిపించింది. ఒకప్పుడు ఎవరో తప్పు పట్టి నవ్విన జ్ఞాపకం ఉన్న మనిషి ఇలాంటివి ఎక్కువగా రాస్తారు. ఆ మనిషిని చూసి మళ్లీ నవ్వితే ఏమవుతుంది? రేపు ఇంకో ఒత్తు పెరుగుతుంది.

నాలుగోది తప్పే కాదు, తప్పులా కనిపిస్తుంది. ‘పెళ్లి’, ‘పెళ్ళి’ రెండూ అచ్చులో ఉన్నాయి. ‘వేరుశనగ’, ‘వేరుసెనగ’ రెండూ ఉన్నాయి. ఇక మొక్కల పేర్ల దగ్గరికి వస్తే దిద్దేవాళ్లే పప్పులో కాలు వేసే సందర్భాలు బోలెడు. కోస్తా జిల్లాల సభ్యుడు ఒకరు సొరకాయను ‘ఆనపకాయ’ అంటారు. చిత్తూరు వైపు మనిషి ఒకరు ‘మా అనపకాయలు బాగా కాశాయి’ అని రాస్తే, దీర్ఘం మరిచిపోయారనుకుని ‘ఆనపకాయ అనాలి’ అని ఈయన దిద్దుతారు. ఆమె చెప్పింది సొరకాయ గురించి కానే కాదు, చిక్కుడు జాతికి చెందిన గింజల కాయ గురించి. చలికాలంలో అనపగింజల కూర ఆ ప్రాంతంలో ప్రతి ఇంట్లో ఉడుకుతుంది. తెలంగాణలో చాలాచోట్ల అయితే ‘అనపకాయ’ అన్నా సొరకాయే. ఒక్క దీర్ఘం చుట్టూ మూడు ప్రాంతాలు, రెండు కూరగాయలు ఉన్నాయి. ఇక్కడ పనికొచ్చే మాట ఒక్కటే: ‘ఫోటో పెట్టండి’.

ఒత్తుల దగ్గరే ఎందుకింత తడబాటు?

గ్రూపుల్లో ఎగతాళికి గురయ్యే తప్పుల్లో ఎక్కువ భాగం కొన్ని అక్షరాల చుట్టూనే తిరుగుతుంది: ఖ, ఘ, ఛ, థ, ధ, భ వంటి ఒత్తు అక్షరాలు, ఋకారం, శ-ష-స భేదం. దీనికి కారణం నోటికీ లిపికీ మధ్య ఉన్న ఎడం.

పరవస్తు చిన్నయ సూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. తెలుగు వ్యాకరణాల్లో దాన్ని మించిన కట్టుదిట్టమైనది చూపించడం కష్టం. అందులో మొదటి సూత్రాలే సంస్కృతానికి 50 వర్ణాలు, ప్రాకృతానికి 40, తెలుగుకు 36 అని లెక్క చెబుతాయి. ఒత్తు అక్షరాలూ, ఋకారమూ, శ-షలూ ఆ 36లో లేవు. అవి సంస్కృతసమాలతో, అంటే సంస్కృతం నుంచి తీసుకున్న మాటలతో, కలిసి తెలుగులో వాడుకలోకి వచ్చాయని ఆయనే వేరుగా చెప్పారు. అంటే ఏ అక్షరాలు పలకలేదని, రాయలేదని మనం ఒకరినొకరు వెక్కిరించుకుంటున్నామో అవి అచ్చ తెలుగు మాటల్లో అసలు ఉండవు. అమ్మ, నాన్న, నీరు, నిప్పు, చెట్టు, పుట్ట, విత్తు, మొలక, పూత, పిందె. మట్టితో, వంటతో, ఇంటితో పనిచేసే మాటలన్నీ ఒత్తు ధ, ఒత్తు భ అవసరం లేకుండానే నడుస్తాయి. ఆ అక్షరాలు చెవికి కాక కంటికి అలవాటయ్యేవి. కంటికి అలవాటు కావాలంటే పుస్తకం కావాలి, బడి కావాలి.

థకారం కథ ఇంకా విచిత్రం. ‘అర్థం’ అనాల్సిన చోట ‘అర్ధం’ అని రాసినవాళ్లకు ‘అర్ధం అంటే సగం’ అని పాఠం చెప్పడం గ్రూపుల్లో పరిపాటి. పాఠం నిజమే. కానీ కథ, రథం, తిథి, అర్థం వంటి మాటల్లోని థను తెలుగు నోరు చాలాకాలంగా ధగానే పలుకుతోంది. మన పద్యసంప్రదాయంలో థ-ధలకు ప్రాస చెల్లించినవారూ ఉన్నారు. కాబట్టి ‘అర్ధం కాలేదు’ అని రాసిన మనిషి తన చెవికి నిజాయితీగానే ఉన్నారు. ఆ వాక్యం చదివి ‘సగం కాలేదు’ అని ఎవరూ పొరబడరు కూడా.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈరోజు మనం ‘సరైనది’ అంటున్న వర్ణక్రమం నిన్న మొన్నటిది. గుఱ్ఱము, చెఱువు, చెఱకు, నూఱు. వీటిలోని బండి ఱను వదిలేసి గుర్రం, చెరువు, చెరకు, నూరు అని రాస్తున్నాం. వాఁడు, వీఁడు అనే మాటల్లోని అరసున్నను వదిలేశాం. పాత పద్ధతి పంతులుగారి ముందు మన నేటి దినపత్రిక పెడితే మొదటి పేజీలోనే ఎర్రసిరా అయిపోతుంది. ఆ మార్పు వెనుక పెద్ద పోరాటమే ఉంది. గిడుగు రామమూర్తి వంటివారు జనం మాట్లాడే భాషకు పుస్తకాల్లో చోటు కావాలని 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో వాదించారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజున గ్రూపుల్లో వచ్చే శుభాకాంక్షల్లోని అక్షరదోషాలను వెతికి పట్టుకుని వెక్కిరించేవాళ్లు ఉంటారు. నాకు అది చాలా బాధ కలిగిస్తుంది.

వేలు ఒకటి నొక్కితే ఫోను ఒకటి రాస్తుంది

కంప్యూటర్లూ ఫోన్లూ అన్ని లిపుల అక్షరాలనూ ఒకే తీరుగా గుర్తించడానికి వాడే ప్రమాణం యూనికోడ్. తెలుగు లిపి అందులో 1991లోనే చేరింది. కానీ మామూలు మనిషి చేతిలో తెలుగు కీబోర్డు స్థిరపడింది ఫోన్లు వచ్చాకే. అందులోనూ చాలామంది నేరుగా తెలుగు మీటలు వాడరు. ఇంగ్లిషు అక్షరాల్లో మాట కొడితే ఫోను దాన్ని తెలుగులోకి మార్చి చూపిస్తుంది. ఈ పద్ధతిలో చిక్కు ఎక్కడుందో చిన్న ప్రయోగం చేసి చూడవచ్చు. ‘పది’, ‘పడి’, ‘పాడి’, ‘పాది’ అనే నాలుగు మాటలనూ చాలామంది ఇంగ్లిషులో ఒకే నాలుగు అక్షరాలతో కొడతారు. ఏది కావాలో ఫోను ఊహించి మొదట చూపిస్తుంది. చూపు సన్నగిల్లిన మనిషి, బస్సులో నిలబడి కొట్టే మనిషి, ఫోను ముందుగా ఏది చూపిస్తే దాన్ని నొక్కేస్తారు. న-ణ, ల-ళ, ద-డల మధ్య తేడా కోసం పెద్ద అక్షరమో చిన్న అక్షరమో ఎంచుకోవాలని తెలియనివాళ్లే ఎక్కువ.

‘ఆకుకు పురుగు పట్టింది’ అని రాయబోతే ‘పెరుగు పట్టింది’ అని పడుతుంది. పుల్లటి మజ్జిగ చల్లమని సలహా ఇచ్చే గ్రూపుల్లో ఆ మాట మరీ గందరగోళం చేస్తుంది.

ఇంకొకటి కంటికి కనిపించని తప్పు. ‘కోకోపీట్‌లో’ అని విడిగా కనిపించాలంటే టకారం పొల్లుకూ లోకూ మధ్య ఒక అదృశ్యమైన అక్షరం పెట్టాలి. అది లేకపోతే రెండూ అతుక్కుని ‘కోకోపీట్లో’ అయిపోతుంది. ‘ఫేస్‌బుక్’ కూడా అలాగే ‘ఫేస్బుక్’ అవుతుంది. ఆ అదృశ్యాక్షరం చాలా ఫోను కీబోర్డుల్లో సులువుగా దొరకదు, అది ఉందనే చాలామందికి తెలియదు. దీన్ని కూడా రాసినవారి తెలుగు లోపంగా లెక్కగట్టడం న్యాయమేనా?

మాట చెబితే రాసిపెట్టే సదుపాయం వచ్చాక కొత్త చిక్కులు వచ్చాయి. మనిషి తన యాసలో చెబుతారు, యంత్రం తనకు తెలిసిన రూపంలోకి దాన్ని లాగుతుంది. మొక్క ముక్క అవుతుంది. అయినా ఈ సదుపాయం వల్లే జీవితంలో ఎన్నడూ పది వాక్యాలు రాయనివాళ్లు ఇప్పుడు పేరా పేరాలు పంచుకుంటున్నారు. దాని విలువ చాలా పెద్దది.

అవతల రాస్తున్నది ఎవరు?

2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత సుమారు 67 శాతం. అంటే ఏడేళ్లు దాటినవాళ్లలో ప్రతి ముగ్గురిలో ఒకరికి అప్పటికి చదవడం, రాయడం రాదు. వాళ్ల పిల్లలు, వాళ్ల ఇళ్లలో మొదటిసారి బడికి వెళ్లినవాళ్లు, ఇప్పుడు ఫోనులో తెలుగు రాస్తున్నారు. మరో పక్క ఇంగ్లిషు మాధ్యమంలో చదివి తెలుగును మాట్లాడటానికే వాడిన తరం ఉంది. తమిళనాడులో పెరిగిన తెలుగువారున్నారు. వాళ్లు బడిలో నేర్చుకున్న తమిళ లిపిలో క-గలకు, త-దలకు విడి అక్షరాలు లేవు, ఒత్తు అక్షరాలు అసలే లేవు. ఇంట్లో విన్న తెలుగును, ఆలస్యంగా నేర్చుకున్న లిపిలో రాస్తారు. అమెరికాలో పుట్టి వారాంతపు తరగతుల్లో గుణింతాలు దిద్దిన పిల్లలు అమ్మమ్మ ఆవకాయ కొలతలు అడగడానికి వంటల గ్రూపులోకి వస్తారు.

చదివే రాసే పనిలో మెదడు వేరే తీరుగా నడిచేవాళ్లూ ఉన్నారు. డిస్లెక్సియా ఉన్న మనిషికి తెలివి తక్కువ కాదు. అక్షరాల వరస, ఒత్తు స్థానం పట్టుకోవడానికి వాళ్లు మిగతావాళ్లకన్నా ఎన్నో రెట్లు శ్రమపడాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇలాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. గ్రూపులో సందేశం చూసి ఇది వేలి తప్పా, బడి లోటా, వైకల్యమా అని చెప్పగలిగే దారి ఎవరికీ లేదు.

ఒత్తులు పలకకపోవడాన్ని మన సమాజం చాలాకాలంగా కులానికీ, చదువుకూ గుర్తుగా వాడుకుంది. ‘వాడికి నోరు తిరగదు’ అన్న మాట ఎవరి గురించి ఎవరు అనేవారో మనకు తెలుసు. అందుకే నాణేల గ్రూపులో ఒకరు సరదాగా అనుకుని వేసిన ఎగతాళి ఇంకొకరికి పాత గాయం మీద తగులుతుంది. వేసినవారికి ఆ ఉద్దేశం లేకపోయినా సరే. అలా దెబ్బ తిన్న మనిషి సాధారణంగా పోట్లాడరు. సందేశం తీసేస్తారు. తర్వాత ఫోటోలు మాత్రమే పెడతారు. ఆ తర్వాత అవీ ఆగిపోతాయి. ముప్పై ఏళ్లుగా నాటు విత్తనాలు దాచుకుని నాటుతున్న మనిషి అలా మౌనంగా వెళ్లిపోతే, ఆ విత్తనాన్ని బూడిద కలిపి ఎలా దాచేవారో చెప్పేవాళ్లు గ్రూపులో ఇక ఉండరు.

దిద్దాలనేవాళ్ల వాదన

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి తప్పులను అసలు పట్టించుకోకూడదు అనిపించవచ్చు. అవతలి పక్షం వాదనను నేను తేలికగా తీసుకోను.

మొదటిది, ఈరోజు చాలామంది రోజూ చదివే తెలుగు అంతా గ్రూపుల్లోని తెలుగే. పుస్తకం పట్టనివాళ్లకు వర్ణక్రమం నేర్పేది ఈ సందేశాలే. ‘భాధ’ వందసార్లు కనిపిస్తే ‘బాధ’ కొత్తగా, తప్పుగా అనిపించే రోజు వస్తుంది. ఫ్లెక్సీల మీద ‘శ్రద్దాంజలి’ చూసీ చూసీ ‘శ్రద్ధాంజలి’లోని ఒత్తు మరిచిపోతున్నవాళ్లు ఎందరో. భాష మీద ప్రేమతో దిద్దే పెద్దవాళ్లకు ఉన్న ఆందోళన ఇదే, అది అబద్ధం కాదు. తెలుగు మాధ్యమం తరిగిపోతున్న రోజుల్లో ఈ బెంగ ఇంకా సహజం.

రెండోది పూర్తిగా వ్యవహారానికి సంబంధించినది. గ్రూపులోని పాత సందేశాల్లో వెతకాలంటే మాట సరిగ్గా ఉండాలి. ‘గోంగూర’ను ‘గొంగూర’ అని రాసి పెట్టిన మంచి సలహా ‘గోంగూర’ అని వెతికేవాళ్లకు దొరకదు. వందలమంది ఏళ్ల తరబడి కూడబెట్టిన అనుభవం వర్ణక్రమం తేడాల వల్ల చెల్లాచెదురవుతుంది.

మూడోది, దిద్దకపోవడం కూడా ఒక రకమైన చిన్నచూపు కావచ్చునన్న వాదన. ‘ఆమెకు ఇంతకన్నా రాదులే’ అని వదిలేయడం గౌరవం కాదని కొందరంటారు. నేర్చుకోవాలన్న కోరిక ఉన్న మనిషికి ఎవరూ ఏమీ చెప్పకపోతే ఆమె అక్కడే ఉండిపోతుంది. ఈ వాదన నన్ను చాలాసార్లు ఆపి ఆలోచింపజేసింది. దీనికి నాకు దొరికిన జవాబు సగమే: నేర్చుకోవాలని ఉందో లేదో చెప్పాల్సింది ఆమే. ‘తప్పులుంటే చెప్పండి’ అని ఒక్క మాట ఆమె అంటే లెక్క మొత్తం మారిపోతుంది.

పద్యాల గ్రూపుల్లో సరిగ్గా ఇదే జరుగుతుంది. అక్కడ సమస్యాపూరణ రాసిన ప్రతివారూ ‘దోషాలుంటే తెలుపగలరు’ అని చేర్చడం ఆనవాయితీ. దీర్ఘం ఒకటి తగ్గితే గురువు లఘువై గణం చెడుతుంది. ‘కాల’ అన్నచోట ‘కల’ పడితే పాదం కూలిపోతుంది. అక్కడ అక్షరమే సరుకు, దిద్దుబాటు కోసమే వచ్చారు. ఛందస్సు స్వయంగా ఎంత ఉదారమైనదో కూడా అక్కడివాళ్లకు తెలుసు: యతి దగ్గర త, థ, ద, ధ ఒకే వర్గం, శ-ష-సలు మిత్రులు, ల-ళలకు అభేదం. ఎంతో కట్టుబాటున్న పద్యమే కొన్నిచోట్ల ఒత్తును చూసీ చూడనట్టు వదిలేస్తుంది.

ఊరుకోకూడని చోట్లు

మిద్దెతోటలో దిద్దుబాటు తప్పనిసరయ్యే సందర్భాలు ఉన్నాయి. “మొగ్గ వచ్చాక నీళ్లు ఎక్కువ పోయండి” అని ఒకరు రాశారు, ఆయన ఉద్దేశం “పోయకండి” అని. ఒక్క ‘క’ ఎగిరిపోయి సలహా తలకిందులైంది. “లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె” అనాల్సింది “50 మి.లీ.” అని పడింది. ఆకులు మాడిపోతాయి. ఇలాంటి చోట ఆలస్యం చేయకుండా, అందరికీ కనిపించేలా చెప్పాల్సిందే. మొహమాటపడితే నష్టం మొక్కకూ, చదివిన ప్రతివారికీ. అయితే అక్కడ కూడా మాట తీరు రెండు రకాలు. “పోయకండి అని మీ ఉద్దేశం అనుకుంటాను, అవునా అండీ?” అన్నది ఒకటి. “సరిగా రాయడం రానివాళ్లు సలహాలెందుకు ఇస్తారు?” అన్నది ఇంకొకటి. రెండూ ఎత్తి చూపేది ఒకే తప్పును. మొదటిది విన్న మనిషి రేపు కూడా సలహా ఇస్తారు.

తెలుగు వికీపీడియాలో పద్ధతి వేరు. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వంలో వ్యాసం ఏ ఒక్కరి సొత్తూ కాదు. ‘దన్యవాదాలు’ కనిపిస్తే ఎవరైనా నేరుగా ఒత్తు పెట్టేసి వెళ్లిపోవచ్చు, రాసినవారిని పిలిచి నిలదీయాల్సిన పని లేదు. పైగా అవతలివారు మంచి ఉద్దేశంతోనే రాశారని భావించాలని, కొత్తవారిని కరవకూడదని వికీపీడియాలో మార్గదర్శకాలే ఉన్నాయి. గ్రూపులోని సందేశం అలా కాదు. అది ఒక మనిషి గొంతు. దాన్ని నలుగురి ముందు దిద్దడమంటే ఆ మనిషి మాట్లాడుతుండగా మధ్యలో ఆపడమే.

అంతర్జాలం పుట్టినప్పటి నుంచీ ఉన్న తగువు

ఇది తెలుగువారికి మాత్రమే వచ్చిన చిక్కు కాదు. 1980లో మొదలైన యూజ్‌నెట్ చర్చావేదికల్లోనే అక్షరదోషాల మీద గొడవలు తరచూ రేగేవి. కొత్త సభ్యుల కోసం అప్పట్లో రాసిన ప్రవేశికలో ఈ గొడవలు హానికరమని ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లు, డిస్లెక్సియా ఉన్నవాళ్లు కూడా ఇక్కడ రాస్తారని గుర్తుచేసి, అంతగా చెప్పాలనిపిస్తే విడిగా ఉత్తరం రాయమంది. 1995లో వెలువడిన అంతర్జాల మర్యాదల పత్రం మరో సూత్రాన్ని పెట్టింది: పంపేటప్పుడు ఆచితూచి పంపాలి, అందుకునేటప్పుడు ఉదారంగా అందుకోవాలి. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి కోసం అంతకుముందే ఉన్న సూత్రాన్ని అందులో మనుషులకు వర్తింపజేశారు. ఈ సూత్రం దిద్దాలనేవాళ్లకూ వద్దనేవాళ్లకూ చెరిసగం పంచుతుంది. నా రాత విషయంలో నేను ఎంత కచ్చితంగానైనా ఉండవచ్చు, ఎదుటివారి రాత విషయంలో కాదు.

తిరిగి పలకడం అనే పద్ధతి

విడిగా చెప్పడం ఒక దారి. ఇంతకన్నా మెత్తని దారి ఇంకొకటి ఉంది. భాష నేర్పేవాళ్లు దాన్ని శాస్త్రంగా అధ్యయనం చేశారు, తల్లులు మాత్రం ఏ శాస్త్రమూ చదవకుండానే చేస్తుంటారు. పిల్లవాడు “అమ్మా, నీలు కావాలి” అంటాడు. “నీళ్లు కాదురా, ళ పలుకు” అని ఏ తల్లీ చెంబు వెనక్కి లాక్కోదు. “నీళ్లు కావాలా నాన్నా? ఇదిగో నీళ్లు” అంటుంది. నీళ్లూ అందాయి, ళకారమూ అందింది.

గ్రూపులో కూడా ఇది సాధ్యమే. ‘అకులు’ అని అడిగిన మనిషికి జవాబులో ‘ఆకులు’ అని రెండుసార్లు రాస్తే చాలు. దీనికి పరిమితి లేకపోలేదు. ఇలా మెల్లగా చెప్పిన సవరణను చాలామంది గమనించరు, వాళ్ల దృష్టి విషయం మీద ఉంటుంది కాబట్టి. నేరుగా చెబితే పట్టుబడేంత త్వరగా ఇది పట్టుబడదు. కానీ ఎవరూ నొచ్చుకోరు, అడిగినదానికి జవాబు ఆగదు, సరైన మాట గ్రూపులో నమోదై వెతికేవాళ్లకు దొరుకుతుంది కూడా.

మొదట్లో చూసిన సంభాషణ రెండో జవాబు దారిలో సాగిందనుకుందాం. ఆమె “కిందికి” అని ఒక్క మాట రాసింది. ఆయన ఇలా రాశారు: “అయితే కింది ముడత అమ్మా, తెల్లనల్లి వల్ల వస్తుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, ఆకుల అడుగుభాగం కూడా తడిసేలా సాయంత్రం పూట చల్లండి. నల్లి మామూలు కంటికి ఆనదు. భూతద్దం ఉంటే లేత ఆకులు తిప్పి చూడండి.”

మర్నాడు ఆమె సందేశం: “దన్యవాదాలు అన్నయ్య. మా అబ్బాయి భుతద్దం తెచ్చాడు. ఆకులు తిప్పి చుసాము, సన్నగా తెల్లగా కదులుతునాయి.”